శాస్త్రకల్పనాకథలందు దేశభేదము

ఆలంకారికులు రీతులకు వైదర్భి, గౌడి యని దేశనామముల నొసఁగిరి. ఆ నామములు దేశగుణముచేఁ గలిగినవి కావనియు, ఆ రీతు లాయా దేశముల కవులయందుఁ గానవచ్చుటచేతనే యేర్పడినవనియు వామనుఁడు సమాధానము చెప్పెను. కుంతకుఁడు దేశమునుబట్టి మార్గమును విభజించుటనే నిరాకరించెను. ఈ ప్రాచీనవిచారము నవీనమగు నొక వాఙ్మయశాఖకును జక్కఁగా వర్తించును. శాస్త్రకల్పనాకథలను విమర్శించువారు బ్రిటిషు కథ విషాదాంతమనియు, అమెరికా కథ విజయాంతమనియుఁ దఱచుగా విభజింతురు. ఈ భేదము యథార్థమా? యగుచో దానికిఁ గారణమేది?

భేదము నామమునందే కనఁబడును. బ్రిటనునందు హెచ్. జి. వెల్సు మొదలగువారి కథలను ‘సైంటిఫిక్ రొమాన్సు’ లనిరి. ఇందు అద్భుతకథ యను నర్థముగల ‘రొమాన్సు’ విశేష్యము, శాస్త్రము విశేషణమాత్రము. ‘సైన్సు ఫిక్షన్’ అను పేరును 1851లో బ్రిటనునందే విలియం విల్సన్ ప్రయోగించెను. కాని యది రూఢికెక్కినది, లక్సెంబర్గునుండి అమెరికాకు వలసవచ్చిన హ్యూగో గెర్న్స్‌బాక్ 1929లోఁ బ్రచారమునకుఁ దెచ్చిన పిమ్మటనే. ఆతఁడు 1926 ఏప్రిలులో ‘అమేజింగ్ స్టోరీస్’ అను పత్రికను స్థాపించి, కథాద్వారమున శాస్త్రబోధ చేయుటయుఁ దన ప్రయోజనముగాఁ జెప్పెను. ఇచట శాస్త్రమునకుఁ బ్రాధాన్యము హెచ్చినది.

ఇతివృత్తమునందును భేదము గలదు. 1898లో గ్రంథరూపమున వెలువడిన వెల్సు రచన ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’ నందు కుజగ్రహవాసులు ఇంగ్లండుపైఁ బడుదురు. మానవుల యాయుధములు వారి నాపఁజాలవు. తుదకు శత్రువులు భూమియందలి సూక్ష్మజీవులచే నశింతురు. మనుష్యుఁడు గెలువలేదు, బ్రదికెను. టాస్మేనియా వాసులకు ఐరోపావారివలనఁ గలిగిన వినాశమును వెల్సు కథారంభముననే స్మరించెను. సామ్రాజ్యాధిపతులను బరాజితుల స్థానమున నిలిపి చూపుటయే యీ కథకు హృదయము.

అమెరికాలో 1937 తుదినుండి ‘అస్టౌండింగ్’ పత్రికకు సంపాదకుఁడైన జాన్ డబ్ల్యు. కాంబెల్ వేఱొక మార్గమును బోషించెను. అందుఁ గథ తఱచుగా నొక సమస్యగా నుండును. నాయకుఁడు బుద్ధిబలముచే దానిని బరిష్కరించును. రసదృష్టిచేఁ జూచినచో, మొదటి మార్గమున భయానకకరుణములును, రెండవదాన అద్భుతవీరములును బ్రధానములు.

ఐనను ఈ విభాగము దేశసీమల ననుసరింపదు. ఆర్థర్ సి. క్లార్కు ఆంగ్లేయుఁడు. 1946లో కాంబెల్ పత్రికయందు వెలువడిన యాతని ‘రెస్క్యూ పార్టీ’ కథలో, సూర్యుఁడు ప్రేలఁబోవుచుండఁగా మనుష్యులను రక్షింప నన్యలోకవాసులు వత్తురు. మనుష్యు లంతకుముందే నౌకలు నిర్మించుకొని తరలిపోయి యుందురు. ఇది శుద్ధమగు అమెరికా మార్గము. ఆతఁడే 1953లో ‘చైల్డ్‌హుడ్స్ ఎండ్’ నందు మానవజాతి యంతమును వర్ణించెను. అమెరికావాఁడగు రే బ్రాడ్‌బరీ 1950 నాఁటి ‘ది మార్షియన్ క్రానికల్స్’ నందు వెల్సు కథను దలక్రిందు చేసెను. అందుఁ గుజవాసులు, మనుష్యులు కొనిపోయిన యాటలమ్మచే నశింతురు. విజయమున్నచోటనే కరుణము పుట్టినది.

కావున భేదము యథార్థమేగాని, దానికి జాతిస్వభావము కారణము గాదు. వెల్సు కథ 1897లో ‘పియర్సన్స్ మ్యాగజైన్’ అను సాధారణ మాసపత్రికయందు, సకలవిధములగు పాఠకుల యెదుట, భాగములుగా వెలువడినది. అమెరికా కథ విద్యుద్యంత్రములయం దాసక్తిగల పాఠకుల కొఱకుఁ బ్రత్యేకింపఁబడిన పత్రికలయందుఁ బెరిగినది. అట్టి ‘అమేజింగ్ స్టోరీస్’ తొలిసంచికయందే వెల్సు కథ పునర్ముద్రితమైనది. పత్రిక, సంపాదకుఁడు, పాఠకుఁడు, కాలము అను నీ నాల్గింటిచేత మార్గ మేర్పడినది. విద్యార్థులకు ‘బ్రిటిషు’, ‘అమెరికా’ అను పేళ్లను బోధించునపుడు, అవి రీతినామములేగాని కులనామములు కావని చెప్పుట యుక్తము. అట్లు చెప్పనిచోఁ గథను జదువకముందే దాని ఫలమును నిర్ణయించు దోషము సంభవించును.