సరుకు అందని ఒప్పందము: మధ్యవర్తి అవార్డుపై అభ్యంతరము

ప్రకాశం బరాజి నుండి కాలువలకు నీరు వదలిన తరువాత నారుమళ్లకు ఎక్కువ వ్యవధి ఉండదు. ఆ అదనుకు రావలసిన విత్తనము అదను దాటిన పిమ్మట వచ్చినను ప్రయోజనమేమి? మీ సంఘము విజయవాడ వర్తకునికి బయానా ఇచ్చినది, సరుకు రాలేదు అనుకొనుడు. ఒప్పందము తీసి చూచినచో, చివర చిన్న అక్షరములలో "వివాదములు మధ్యవర్తికి నివేదింపవలెను" అను షరతు కనబడును. సంతకము చేయునాడు దానిని చదువువారు తక్కువ.

మధ్యవర్తి అవార్డు మీకు ప్రతికూలముగా వచ్చినచో ఏమి చేయవలెను? పెద్దలు కొందరు "కోర్టు డిక్రీ ఇచ్చువరకు అది వట్టి కాగితమే" అందురు. 1940 నాటి చట్టము క్రింద ఆ మాట నిజమే. 1996 ఆగస్టు 22 నుండి అమలులోనున్న చట్టము ప్రకారము, గడువు దాటిన అవార్డు డిక్రీ వలెనే అమలగును. కనుక ఊరకుండరాదు.

ఆ గడువు మూడు నెలలు. సంతకముతో కూడిన అవార్డు ప్రతి మీ చేతికి వచ్చిన తేదీ నుండి లెక్క. తగిన కారణము చూపినచో కోర్టు మరి 30 దినములు ఇయ్యవచ్చును. ఆపైన ఒక్క దినము కూడ ఇయ్యదు. సుప్రీంకోర్టు 2001లో ఈ సంగతి స్పష్టము చేసినది. కోతల తరువాత చూచుకొందమనుకొన్నవారికి దారి మూసికొనిపోవును. ప్రతి అందిన తేదీని సంఘము కార్యదర్శి పుస్తకములో వ్రాసి ఉంచవలెను. లెక్కలలో కూడికల తప్పు మాత్రమే ఉన్నచో 30 దినములలో మధ్యవర్తినే సవరింపుమని కోరవచ్చును.

ఇక కోర్టు దేనిని వినును? మీకు నోటీసు అందలేదనియు, మీ వాదము చెప్పుకొను అవకాశము లేకపోయెననియు, మధ్యవర్తి తనకు అప్పగింపని విషయమును తీర్మానించెననియు చెప్పవచ్చును. అవార్డు ముఖముననే చట్టవిరుద్ధము కనబడుచున్నచో అదియు చెల్లును. సాక్ష్యమును మరల తూచుమన్నచో కోర్టు వినదు. ఇది అప్పీలు కాదు.

కావున అసలు పోరాటము మధ్యవర్తి ఎదుటనే జరుగవలెను. సరుకు అందనప్పుడు సాధారణముగా నష్టము ఒప్పందపు ధరకు, అప్పగింత నాటి బజారు ధరకు గల తేడా. ఉదాహరణకు 100 క్వింటాళ్ల మినుములు క్వింటాలు 8,000 రూపాయలకు కుదిరి, గడువు నాడు బజారు ధర 8,600 అయినచో, తేడా 60,000 రూపాయలు. ఏ ఊరి ధర అన్నది కూడ ముఖ్యమే. 1961లో సుప్రీంకోర్టు విచారించిన ఒక వ్యాజ్యెములో కాన్పూరులో రైలుకు ఎక్కించవలసిన కాన్వాసు గుడ్డ రాలేదు. కొనుగోలుదారు కలకత్తా ధర చూపెనే గాని, కాన్పూరు ధర రుజువు చేయలేదు. నష్టపరిహారము పోయినది. మీ సరుకు గుడివాడ గిడ్డంగిలో అప్పగించవలసినదైనచో గుడివాడ ధరకే ఆధారము సంపాదింపుడు. ఆనాటి యార్డు ధరల పట్టీ ఒక ప్రతి దాచుకొనుడు.

దరఖాస్తు వేసినంత మాత్రమున అవార్డు అమలు ఆగదు. 2015 సవరణ తరువాత నిలుపుదలకు వేరుగా కోరవలెను. డబ్బు జమ చేయుమని కోర్టు షరతు పెట్టవచ్చును. ఎదుటి పక్షమునకు ముందుగా నోటీసు ఇచ్చి, ఇచ్చినట్లు అఫిడవిట్టు జతపరుపవలెను. మధ్యవర్తిత్వ స్థానము విజయవాడ అయి, వివాదము మూడు లక్షల రూపాయలకు తగ్గని వాణిజ్య వివాదమైనచో అక్కడి వాణిజ్య వివాదముల ప్రత్యేక న్యాయస్థానమునకు పోవలెను. స్థానము ఢిల్లీ అని అచ్చయి ఉన్నచో మీరు ఢిల్లీకే పోవలసివచ్చును. సంతకమునకు ముందు ఆ పంక్తిని కొట్టివేయించి విజయవాడ అని వ్రాయించుడు.

విత్తనము వచ్చియు మొలవకపోయినచో మరియొక దారి గలదు. నేషనల్ సీడ్స్ కార్పొరేషనుపై ఆంధ్ర ప్రదేశ్ రైతులు నడిపిన వ్యాజ్యెములో, మధ్యవర్తి షరతు ఉన్నను రైతు వినియోగదారుల ఫోరమునకు పోవచ్చునని సుప్రీంకోర్టు 2012లో తీర్పిచ్చినది. కాని ముందే మధ్యవర్తిని ఆశ్రయించినవారికి ఆ దారి దొరకుట కష్టము. ఏ దారి పట్టవలెనో మొదటి నోటీసుకు ముందే వకీలును అడిగి తెలిసికొనుడు.