బిలాస్‌పూర్ గోడ మీద రుక్మిణి

రద్దీగా ఉండే నగర ప్రాంగణాల్లో బొమ్మకో విగ్రహానికో బదులు అక్షరాన్నే కళారూపంగా నిలబెట్టే పద్ధతిని బహిరంగ అక్షర కళ అనవచ్చు. ప్రదర్శనశాలకు వెళ్లేవారు కళను వెతుక్కుంటూ వెళ్తారు; ఈ కళ మాత్రం వేరే పని మీద పోతున్న మనిషికి ఎదురుపడి నాలుగు మాటలు చదివిస్తుంది. అమెరికా కళాకారిణి జెన్నీ హోల్జర్ 1982లో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లోని విద్యుత్ ప్రకటన ఫలకం మీద తన చిన్న చిన్న వాక్యాలను నడిపించినా, 1986లో లండన్ భూగర్భ రైలు పెట్టెల్లో వ్యాపార ప్రకటనల మధ్య కవితలు వెలసినా, ఉద్దేశం ఇదే. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే స్టేషన్ ఈ కోవలో మరింత అరుదైన ఉదాహరణ. ఇక్కడి గోడ మీద రవీంద్రనాథ్ టాగోర్ ‘ఫాఁకి’ (మోసం) కవిత కనిపిస్తుంది. ఆ కవితలోని కథ జరిగిన చోటు కూడా ఈ స్టేషనే.

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే బిలాస్‌పూర్‌ను రైలు పట్టణంగా మలిచింది. హౌరా–నాగపూర్ ప్రధాన మార్గం నుంచి కట్నీ వైపు దారి చీలేది ఇక్కడే కాబట్టి, రైలు మారేవారు దిగి గంటల తరబడి కాచుకోవడం ఈ ఊరికి మొదటి నుంచీ మామూలే. అదే కంపెనీ పట్టాలు వాల్తేరు దాకా విస్తరించడంతో ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు రైల్వే కొలువుల కోసం ఇటు వచ్చి, క్వార్టర్లలో బెంగాలీ, ఒడియా కుటుంబాల పక్కన స్థిరపడ్డాయి. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు ఇదే ప్రధాన కేంద్రం.

స్టేషన్లో రాతకు కొదవ ఉండదు. ప్లాట్‌ఫారం చివర పసుపు పలక మీద నల్లని అక్షరాలతో ఊరి పేరు, దాని కింద సముద్ర మట్టం నుంచి ఎత్తు, గోడల మీద హెచ్చరికలు, శిలాఫలకాల మీద ప్రారంభకుల పేర్లు: ఇవన్నీ ప్రయాణికుడికి ఏదో ఒకటి తెలిపేవో, ఏదో ఒకటి చేయమనేవో. వీటి నడుమ ఒక కవిత ఉండటం వల్ల చదువరి కాసేపు ఆజ్ఞల నుంచి బయటపడి ఒక మనిషి కథలోకి వెళ్తాడు.

1918లో వెలువడిన ‘పలాతక’ సంపుటిలోని ఈ కథాకవితలో ఇరవైమూడేళ్ల బిను జబ్బు పడుతుంది. గాలి మార్పు కోసం భర్త ఆమెను వేరే ఊరికి తీసుకువెళ్తాడు. అత్తవారింటి గడప దాటిన సంబరంలో ఉన్న బినుకు బిలాస్‌పూర్‌లో రైలు మారడానికి పట్టే ఆరు గంటలు కూడా పండుగే. అక్కడ కూలీ భార్య రుక్మిణి పరిచయమవుతుంది. కూతురి పెళ్లికి నగల కోసం పాతిక రూపాయలు కావాలని ఆమె చెప్పుకోగా, ఇచ్చి తీరాలని బిను భర్త దగ్గర పట్టు పడుతుంది. ఆయన రుక్మిణిని చాటుకు పిలిచి, గదమాయించి, రెండు రూపాయలు చేతిలో పెట్టి పంపేసి, మొత్తం ఇచ్చినట్టు భార్యను నమ్మిస్తాడు. రెండు నెలలకు బిను సంతృప్తిగా కన్నుమూస్తుంది. ఆ సంతృప్తిలో తన అబద్ధమూ కలిసి ఉందన్న బాధ తాళలేక భర్త మళ్లీ బిలాస్‌పూర్‌లో దిగి రుక్మిణి కోసం వాకబు చేస్తే, డార్జిలింగ్ పోయిందో, అరకాన్ పోయిందో ఎవరూ చెప్పలేకపోతారు. బాకీ తీరే దారి మూసుకుపోతుంది.

బిను పాత్రను టాగోర్ భార్య మృణాళినీదేవితో ముడిపెట్టే కథనాలు స్థానికంగా వినిపిస్తాయి గానీ, కవితలోని ‘నేను’ను కవిగా పొరబడకూడదు. మహాకవి కాలు మోపిన చోటన్న గర్వంతో మాత్రమే ఆ గోడను చూపడం కవితకు చేసే అన్యాయం, ఎందుకంటే అక్కడ నిలవవలసిన పేరు రుక్మిణిది. కరువుకు, జమీందారు దౌర్జన్యానికి ఊరు విడిచి వచ్చిన ఆ కుటుంబాన్ని చదువుకున్న ఒక పెద్దమనిషి ఎంత తేలిగ్గా వంచించగలడో, ఆ వంచన జరిగిన చోటే చెప్పడం ఈ కళాఖండానికి ఉన్న బలం. హోల్జర్ వాక్యాలు ఏ కూడలిలోనైనా వెలగవచ్చు. ఈ కవిత ఇంకో స్టేషన్‌కు వెళితే సగం అర్థం పోగొట్టుకుంటుంది.

ఎర్రచొక్కా కూలీ మోచేతి పైన కట్టుకునే ఇత్తడి బిళ్ల మీద ఒక నంబరు చెక్కి ఉంటుంది. ప్రయాణికులు అతన్ని గుర్తుపట్టేది ఆ నంబరుతోనే. 2016 రైల్వే బడ్జెట్‌లో కూలీలను ఇకపై ‘సహాయక్’ అని పిలవాలని ప్రకటించారు, కానీ పిలుపు మారినంత మాత్రాన బేరమాడే గొంతు మారదు. కూలీ కుటుంబాన్ని పేరు పెట్టి పిలిచి, దానికి జరిగిన అన్యాయాన్ని లెక్కతో సహా చెప్పే రాత, ఆ నంబరు మోసే మనుషులు రోజూ నడిచే చోటే ఉండటం న్యాయం.

తిరుపతి–బిలాస్‌పూర్, కోర్బా–విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్‌లలో తెలుగువారు ఈ స్టేషన్ మీదుగా నిత్యం ప్రయాణిస్తుంటారు. ఆ కథ మొత్తం తెలుగులోనూ విశ్రాంతి గదిలో కూర్చున్నవారి కంటికి ఆనేలా రాయించే బాధ్యత రైల్వే తీసుకోవాలి. అక్కడి తెలుగు కుటుంబాలు చొరవ చూపితే అది పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు.