పులి కోసం వెతికితే పులిహోర ఎందుకొస్తుంది?

లైబ్రరీ కంప్యూటర్‌లో ‘పులి’ అని కొడితే అది పుస్తకాల వివరాలన్నీ ఒక్కొక్కటే చదవదు. ఏ మాట ఏ రికార్డుల్లో ఉందో చూపే పట్టిక ముందే సిద్ధంగా ఉంటుంది, పాఠ్యపుస్తకం చివరి పదసూచిక లాగా. అందులో ‘పులి’ ఎదురుగా ఉన్న నంబర్లు తీసి ఇస్తుంది, అంతే. పులి జంతువని దానికి తెలియదు. తెలిసింది అక్షరాల వరుసే. మన ఉద్దేశం చెప్పడానికే ‘అండ్’, ‘ఆర్’, ‘నాట్’ లాంటి ఆప్షన్లు కావాలి. ‘పులి’, ‘నల్లమల’ మధ్య ‘అండ్’ పెడితే రెండు జాబితాల్లోనూ ఉన్నవే మిగులుతాయి. ‘ఆర్’ పెడితే రెండూ కలుస్తాయి. ‘నాట్’ పెడితే నల్లమల ఉన్నవి తొలగిపోతాయి. ఈ తర్కాన్ని గణితంగా మలిచిన జార్జ్ బూల్ ప్రసిద్ధ గ్రంథం 1854లోనే వెలువడింది.

చాలా ప్రోగ్రాముల్లో మాట చివర నక్షత్రం గుర్తు పెడితే ఆ అక్షరాలతో మొదలయ్యేవన్నీ వస్తాయి. తెలుగుకు ఇది మరీ అవసరం. మన మాటలకు విభక్తులు అతుక్కుంటాయి కదా: పులిని, పులికి, పులితో. కానీ ‘పులి*’ అంటే పులిహోర, పులిచింతల కూడా వస్తాయి. పైగా ‘పులులు’ రాదు, అక్కడ ‘లి’ కాస్తా ‘లు’ అయింది మరి! అప్పుడు ‘ఆర్’ పెట్టి రెండు రూపాలూ అడగాలి. ఇప్పటి సెర్చ్ ఇంజన్లు మన మనసులో మాట ఊహిస్తున్నాయి, ఇంత శ్రమ దేనికని అడగవచ్చు. మామూలు అవసరాలకు ఊహ సరిపోతుంది, నిజమే. అయితే ఏది ఎందుకు రాలేదో ఊహ చెప్పదు. బూల్ పద్ధతిలో ప్రతి ఫలితానికీ కారణం చూపించవచ్చు. వైద్య పరిశోధకులు తమ రంగపు వ్యాసాలు వెతికే పబ్‌మెడ్‌లో ఈనాటికీ అండ్, ఆర్, నాట్ వాడేది అందుకే. ఈసారి లైబ్రరీకి వెళ్తే ‘అడ్వాన్స్‌డ్ సెర్చ్’ నొక్కి చూడండి.