పరుగెత్తితే జింక, నిలబడితే మనిషి

2020 అక్టోబరులో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, ప్రోవో నగరం పక్కనున్న స్లేట్ కాన్యన్ కొండదారిలో ఓ యువకుడు పరుగు తీస్తున్నాడు. ముందు ఏవో చిన్న జంతువులు కనిపించాయి. అవేమిటో పోల్చుకుందామని ఫోన్‌లో వీడియో తీస్తుండగా తల్లి బయటికొచ్చింది. మౌంటెన్ లయన్! ఆ తర్వాత ఆరు నిమిషాల పాటు అతను వెనక్కి వెనక్కి నడుస్తూనే ఉన్నాడు, అది మీదమీదకు వస్తూనే ఉంది. పళ్లు బయటపెట్టి బుసకొడుతూ, ముందు కాళ్లు రెండూ నేలకేసి కొడుతూ, మీద పడినంత పని చేసి ఆగిపోయేది. అతను వెన్ను చూపలేదు, అరుపు ఆపలేదు. చివరికి ఒక రాయి తీసి విసిరాడు. అంతే, వచ్చిన దారినే వెళ్లిపోయింది.

ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది. చూసినవాళ్లు చాలామంది అది మనిషిని వేటాడిందనే అనుకున్నారు. కాదు. పిల్లల దగ్గర్నుంచి మనిషిని సాగనంపింది. వేటకు వచ్చిన మౌంటెన్ లయన్ అంత చప్పుడు చేయదు, అంతసేపు ఎదుట కనిపించదు. ఈ తేడా అర్థమైతే, ఎదురుపడినప్పుడు ఏం చేయాలన్నది బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

ప్యూమా, కూగర్, మౌంటెన్ లయన్ అన్నీ ఒకే జంతువు. కెనడాలోని యూకాన్ నుంచి చిలీ దక్షిణ కొస దాకా ఉంటుంది. మగది 50 నుంచి 100 కిలోల వరకు తూగుతుంది. సింహంలా గర్జించలేదు, పిల్లిలా గురగురలాడుతుంది. చుట్టరికం కూడా సింహంతో కంటే చీతాతోనే దగ్గర. అయితే చీతాలా దూరం తరిమి పట్టే ఓపిక దీనికి లేదు. పొదల చాటున పొంచి, దగ్గరికి చేరి, ఒక్క ఊపున వెనక నుంచో పక్క నుంచో దూకి మెడ వెనక కొరుకుతుంది. దీని ముఖ్యమైన ఆహారం జింక. కాలిఫోర్నియాలోని శాంతాక్రజ్ కొండల్లో పరిశోధకులు ప్యూమాల మెడకు కదలికలను కొలిచే పట్టీలు కట్టి, 2014లో ఒక సంగతి తేల్చారు. ఎర ఎంత పెద్దదో చూసుకుని, అందుకు తగినంత బలంతోనే అది దూకుతుందట. అంటే దూకే ముందే లెక్క వేసుకుంటుంది. ఒంటరిగా వేటాడే జంతువు కదా, జింక కాలి తాపుకు దవడ విరిగితే తెచ్చిపెట్టే గుంపు ఉండదు, ఆకలితో చావాల్సిందే. తనను ముందే చూసేసిన ఎర, తిరగబడే ఎర దాని లెక్కలో నష్టం. పరుగెత్తే ఎర మాత్రం అది పుట్టినప్పటినుంచీ ఎరిగిన ఎర.

ఇక మనమంటే దానికున్న భయం సంగతి. అదే కొండల్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు చేసిన మరో ప్రయోగం 2017లో వెలువడింది. ప్యూమా జింకను చంపితే ఒక్కపూటలో తినేయదు. ఆకులూ అలములూ కప్పి, రోజుల తరబడి మళ్లీ మళ్లీ వచ్చి తింటుంది. అలాంటి చోట కెమెరాలు, స్పీకర్లు అమర్చారు. అది తినడానికి రాగానే కొన్నిసార్లు కప్పల బెకబెకలు, కొన్నిసార్లు రేడియోలో మాట్లాడే మనుషుల గొంతులు వినిపించారు. కప్పల శబ్దాన్ని దాదాపుగా పట్టించుకోలేదు. మనిషి గొంతు వినిపించినప్పుడు మాత్రం 83 శాతం సార్లు తిండి వదిలేసి పారిపోయింది. వెంటనే తిరిగి వచ్చేందుకు కూడా జంకింది, తినే సమయం సగానికి పడిపోయింది. అరుపు కూడా కాదు, మామూలు సంభాషణ! అడవిలో మనిషికి ఇంతకు మించిన ఆయుధం ఉందనుకోను.

అందుకే దాడులు అంత అరుదు. గత వంద పైచిలుకు ఏళ్లలో ఉత్తర అమెరికా మొత్తం మీద వీటి దాడుల్లో చనిపోయినవారు ముప్పై మందికి అటూఇటూగా ఉంటారు. అలాగని కొట్టిపారేయలేం. 2024 మార్చిలో కాలిఫోర్నియాలోని ఎల్‌డొరాడో కౌంటీలో ఇద్దరు అన్నదమ్ముల మీద దాడి జరిగింది, ఒకరు చనిపోయారు. ఆ రాష్ట్రంలో ఇరవై ఏళ్ల తర్వాత జరిగిన మరణం అది. 2019లో కొలరాడోలో కొండదారిన పరుగు తీస్తున్న వ్యక్తి మీద ఒక పిల్ల ప్యూమా పడితే, అతను పోరాడి బయటపడ్డాడు. తల్లిని విడిచి కొత్త చోటు వెతుక్కునే కుర్ర ప్యూమాలకు వేట ఇంకా పూర్తిగా చేతకాదు, ఆకలి మాత్రం ఉంటుంది. అవే ఎక్కువగా తప్పు లెక్క వేస్తాయి.

ఎదురైతే, మీరు జింక కాదని దానికి తెలియాలి. పరుగెత్తకండి. వీపు తిప్పకండి. కూర్చోకండి, ఎందుకంటే వంగిన మనిషి నాలుగు కాళ్ల జంతువులా కనిపిస్తాడు. రాయి తీసేటప్పుడు కూడా చూపు దాని మీదే ఉండాలి. చేతులు పైకెత్తి, చొక్కా విప్పార్చి పెద్దగా కనపడండి, గట్టిగా మాట్లాడండి. పిల్లలుంటే ముందు వాళ్లను ఎత్తుకోండి. అది తప్పుకునే దారి మాత్రం మూసేయకండి. అప్పటికీ మీద పడిందా, తిరగబడండి. కొన్ని ఎలుగుబంట్ల విషయంలో చెప్పినట్టు చచ్చినట్టు పడుకోవడం ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది.

మన చిరుతపులి కూడా ఇదే పద్ధతిలో పొంచి దూకే జంతువు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత పొట్టన పెట్టుకున్నాక, టీటీడీ భక్తులకు చేతికర్రలు ఇస్తే చాలామంది నవ్వారు. కర్ర చిరుతను ఆపుతుందని నేనూ చెప్పను. కానీ గుంపుగా, మాట్లాడుకుంటూ, కర్ర పట్టుకుని, పిల్లల్ని మధ్యలో నడిపించే మనుషులు ఏ పొంచి దూకే జంతువుకైనా నష్టపు లెక్కే. పిల్లల్ని మధ్యాహ్నం దాటాక నడకదారిలోకి రానివ్వకూడదని టీటీడీ అప్పట్లో తీసుకున్నది ఇంకా మంచి నిర్ణయం.

మళ్లీ ప్యూమాల దగ్గరికి వస్తే, కాలిఫోర్నియాలోని శాన్‌హోసే, ఫ్రీమాంట్ వైపు మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మమ్మలు, తాతయ్యలు తెల్లవారుజామునో, పొద్దు గుంకే వేళో మనవళ్లను తీసుకుని కొండదారుల్లో నడకకు వెళ్తుంటారు. ప్యూమా ఎక్కువగా తిరిగే వేళల్లో అవీ ఉన్నాయి. ఎండ వచ్చాక వెళ్లండి. చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసేసి, కబుర్లు చెప్పుకుంటూ నడవండి. పిల్లలు ముందు పరుగెత్తకుండా చెయ్యి పట్టుకోండి. దారి మొదట్లో ఉండే హెచ్చరిక బోర్డును ఇంట్లో అందరికీ ఒకసారి చదివి చెప్పండి.