పెట్టె వెతకడం తేలిక

భద్రాచలం గోదావరి వంతెన దగ్గర గంజాయి పట్టుబడటం ఇప్పుడు పెద్ద వార్త కాదు. జిల్లా పేజీలో ఓ మూల నాలుగు లైన్లు వస్తే ఎక్కువ. సీలేరు, మల్కన్‌గిరి కొండల్లో పండిన సరుకు బ్రౌన్ టేపు చుట్టిన పొట్లాలై చింతూరు మీదుగా దిగుతుంది. కొత్తగూడెం, ఖమ్మం దాటి హైదరాబాద్‌కీ, ఇంకా పైకీ పోతుంది. 2021 చివర్లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో వేల ఎకరాల గంజాయి తోటలు నరికించినా ఆ దారి మూతపడలేదు. దారి పక్క ఊళ్ళకు ఎప్పుడూ ఉండే బెడదే ఇది. సరుకు పోతూ పోతూ కొంత రాలుతుంది, రాలింది ఏరుకునేది ఎక్కువగా కుర్రాళ్ళే. దానికి తోడు ఊరూరా బెల్టు షాపు, కిళ్ళీ కొట్లో గుట్కా. పెద్దలకు భయం పుట్టడం సహజం. ఆ భయంలో మనకు తోచే మొదటి ఉపాయం మాత్రం హాస్టల్లో పిల్లల ట్రంకు పెట్టెలు తెరిపించడం.

ఆశ్రమ పాఠశాలలో చదివే పిల్లవాడికి నాది అని చెప్పుకోడానికి ఉండేది ఆ రేకు పెట్టె ఒక్కటే. మూత మీద పెయింటుతో పేరు, తరగతి. లోపల రెండు జతల బట్టలు, సబ్బుబిళ్ళ, కొబ్బరినూనె సీసా. మూత లోపలివైపు అన్నం మెతుకులతో అంటించిన సినిమా హీరో. తాళంచెవి మొలతాడుకు. స్టడీ అవర్లో అందరి ముందూ ఆ పెట్టెను బోర్లిస్తే దొరికేది మహా అయితే ఓ ఖైనీ పొట్లం. పోయేది అంతకంటే పెద్దది. ఆ రోజు తర్వాత వాడు వార్డెన్‌కు ఏ సంగతీ చెప్పడు. పక్క మంచం పిల్లవాడు రాత్రి గోడ దూకుతున్నాడనీ చెప్పడు, పెద్ద క్లాసువాళ్ళు తనను కొడుతున్నారనీ చెప్పడు. మత్తునీ కొట్లాటనీ ముందుగా పసిగట్టే దారి ఒక్కటే, పిల్లవాడు నోరు విప్పడం. మనం నమ్ముకున్న ఉపాయాలు సరిగ్గా ఆ నోటినే మూయిస్తున్నాయి.

భయపెట్టి మాన్పించవచ్చన్న నమ్మకాన్ని ప్రపంచం ఇప్పటికే పరీక్షించి చూసింది. 1983లో లాస్ ఏంజెలిస్‌లో మొదలైన ‘డేర్’ కార్యక్రమం పోలీసుల చేత క్లాసుల్లో పాఠాలు చెప్పించింది. అమెరికా అంతటా పాకింది. తర్వాత జరిగిన పరిశీలనల్లో, ఆ పాఠాలు విన్న పిల్లలకూ విననివాళ్ళకూ మత్తు వాడకంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఉత్త ఉపన్యాసాలు, భయపెట్టే బొమ్మలు పనిచేయవని ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల విభాగం 2013లో, మళ్ళీ 2018లో తన ప్రమాణాల్లో రాసింది. అయినా ఏటా జూన్ 26న మనవాళ్ళు ఎండలో ర్యాలీ తీసి, ప్రతిజ్ఞ చేయించి, ఫొటో పైఆఫీసుకు పంపి ఊపిరి పీల్చుకుంటారు. మన దేశంలోనే 2019లో వెలువడ్డ జాతీయ సర్వేలో గమనించాల్సిన అంకె ఒకటుంది. మద్యం, గంజాయి వాడకం పిల్లల్లో కంటే పెద్దల్లో ఎక్కువ. పీల్చే మత్తు విషయంలో మాత్రం లెక్క తిరగబడింది: పెద్దల్లో 0.58 శాతం, 10 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 1.17 శాతం. పంక్చర్ సొల్యూషన్, వైట్‌నర్ లాంటివి ఏ లారీ అడుగు అరలోనూ దాక్కుని రావు, సైకిల్ షాపులోనే ఉంటాయి. వాటికి చెక్‌పోస్టు ఎక్కడ పెడతాం?

మరి పనిచేసేది ఏది? దీనికి మంచి ఆధారం బీహార్ నుంచి వచ్చింది. నలంద జిల్లాలో 70కి పైగా హైస్కూళ్ళలో ‘సెహర్’ పేరుతో ఒక ప్రయోగం చేశారు. ఫలితాలు 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. కొన్ని బళ్ళలో మామూలు డిగ్రీ చదువుకున్న స్థానికులకు శిక్షణ ఇచ్చి సలహాదారులుగా పెట్టారు. కొన్నింట్లో అదే పని టీచర్లకు అప్పగించారు. ఫిర్యాదుల పెట్టె, గోడపత్రిక, పిల్లల బృందాలు, కావాలన్నవాళ్ళతో విడిగా మాట్లాడటం, అంతే కార్యక్రమం. సలహాదారులున్న బళ్ళలో ఏడిపించడం, కొట్టుకోవడం, కుంగుబాటు తగ్గాయి, బడి మీద పిల్లలకు నమ్మకం పెరిగింది. టీచర్లు నడిపిన చోట చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఇది టీచర్లను తప్పుపట్టే సంగతి కాదు. మార్కులు వేసే చెయ్యి, బెత్తం పట్టే చెయ్యి ఒకటే అయినప్పుడు దాని ముందు గుండె విప్పడం పెద్దవాళ్ళకే కష్టం.

మన అడవి అంచు బళ్ళకు ఇది మరింత వర్తిస్తుంది. ఒకే హాలులో కోయ, కొండరెడ్డి, లంబాడా పిల్లలు పడుకుంటారు. 2005 తర్వాత సల్వాజుడుం గొడవల్లో ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన గుత్తికోయ కుటుంబాల పిల్లలూ బడికి వస్తారు. ఇంటి భాష ఒకటి, పాఠం భాష ఇంకొకటి. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో కోయ, బంజారా సహా ఎనిమిది భాషల్లో వాచకాలు తెచ్చి చేసిన ప్రయత్నం చిన్న తరగతుల దగ్గరే ఆగింది. యాసను వెక్కిరిస్తే మొదట మౌనం, తర్వాత పిడికిలి. ఆ మౌనంలో ఎవరో పెద్ద కుర్రాడు భుజం మీద చెయ్యి వేసి అందించిన బీడీ స్నేహంలా కనిపిస్తుంది. ఆ పిల్లవాణ్ణి కొడితే క్రమశిక్షణ అంటున్నాం గానీ, విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దాన్ని నేరుగా నిషేధించింది. కొట్లాట తప్పని చెబుతూ కొట్టడం ఏం పాఠమో నాకు అర్థం కాదు.

‘ఒక్క కుళ్ళిన పండు బుట్టనంతా పాడుచేస్తుంది, టీసీ ఇచ్చి పంపెయ్యండి’ అనేవాళ్ళున్నారు. మిగతా పిల్లల మీద వాళ్ళ బెంగను కాదనలేం. కానీ ఆ పిల్లవాడు బడి నుంచి వెళ్ళేది ఎక్కడికి? సరుకు మోయడానికి కుర్రాళ్ళను వెతుక్కునేవాళ్ళు ఉన్న దారి మీదికే. చట్టం కూడా అలా చూడలేదు. బాలల న్యాయ చట్టం 77, 78 సెక్షన్లు పిల్లలకు మత్తు ఇచ్చినవాడికీ, పిల్లలతో మోయించినవాడికీ 7 ఏళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా అంటాయి. మాదకద్రవ్యాల చట్టంలో 64ఏ సెక్షన్ తనంత తానుగా చికిత్సకు వచ్చిన అలవాటుపడ్డ మనిషికి, వాడినందుకూ చిన్న మోతాదుకూ, విచారణ నుంచి మినహాయింపు ఇస్తుంది. వల వేయాల్సింది అమ్మేవాడికి.

రెండో మాట ఇంకాస్త చిక్కైంది. ఇప్పసారా వేల్పుకు పెట్టే గూడెంలో పిల్లలకు మత్తు వద్దని చెప్పగలమా? పండక్కి దొప్పలో పోసిన సారాకూ, బెల్టు షాపులో రోజూ అమ్మే క్వార్టర్ సీసాకూ తేడా గూడెం పెద్దలకు మనకంటే బాగా తెలుసు. 1996 నాటి పెసా చట్టం మత్తు పదార్థాల అమ్మకాన్నీ వాడకాన్నీ నియంత్రించే అధికారాన్ని గ్రామసభకు కల్పించింది. బెల్టు షాపు ఎత్తెయ్యమని తీర్మానం చేయాల్సింది ఆ సభే. సంస్కృతి పేరు చెప్పి చేతులు దులుపుకోవడం, సంస్కృతినే నేరంగా చూడటం, రెండూ బయటివాళ్ళకు సులువైన పనులు.

ఇక డబ్బు. ఐస్‌లాండ్‌లో 1998లో 15, 16 ఏళ్ళ పిల్లల్లో నూటికి 42 మంది అంతకు ముందు నెలలో తాగి తూలినవాళ్ళే. సాయంత్రాలను ఆటలతో, సంగీతంతో నింపి, తల్లిదండ్రులను కలుపుకున్నాక 2016కు ఆ సంఖ్య 5కు దిగింది. వాళ్ళది సంపన్న దేశం, నిజమే. కానీ అక్కడ ఊరంతా కలిసి పట్టుకోవాల్సిన సాయంత్రం, ఆశ్రమ పాఠశాలలో ఇప్పటికే బడి చేతిలో ఉంది. కావలసింది వాలీబాల్ నెట్టు, కోయ మాట్లాడే ఒక డిగ్రీ కుర్రాడికో అమ్మాయికో జీతం, గోడ మీద 14446, 1098 నంబర్లు, వాటికి ఫోన్ చేసుకోనిచ్చే పెద్దమనసు. ఇంకా ఒక చెక్కపెట్టె. అందులో వేసే చీటీ మీద పేరు ఉండనక్కర్లేదు, తెలుగు లిపిలో కోయ మాట రాసినా చాలు, రాయలేకపోతే బొమ్మ గీసినా చాలు. ఆ పెట్టె తాళంచెవి మాత్రం వార్డెన్ దగ్గర ఉండకూడదు.