ఉచిత శిబిరం సరే... నాలుగో నెల మాత్రలెవరిస్తారు?

మీ ఊళ్లో పంచాయతీ ఆఫీసు పక్కన షామియానా వేశారు. బీపీ చూశారు. వేలి కొసన చుక్క రక్తం తీసి షుగరు చూశారు. ‘బీపీ బాగా ఎక్కువుందమ్మా’ అంటూ పది రోజుల మాత్రలు కవర్లో పెట్టి చేతికిచ్చారు. ఫొటోలు దిగారు. సాయంత్రానికి షామియానా విప్పేశారు. మరి పదకొండో రోజున ఏం చేయాలి?

పోలవరం, ఆ పై మండలాల వాళ్లకు ఈ ప్రశ్న కొత్తది కాదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. కుక్కునూరు, వేలేరుపాడు మండలాల ఊళ్లు నీళ్లలో చిక్కుకున్నాయి. వరదల్లో బియ్యం, దుప్పట్లు, మందులు పట్టుకుని సాయానికి వచ్చే సంస్థలు చాలానే ఉంటాయి. వాళ్లు చేసే మేలు తక్కువదేం కాదు. కానీ నీళ్లు తీసినంత తేలిగ్గా బీపీ తగ్గదు, షుగరూ తగ్గదు. నెలకు ముప్పై మాత్రలు, ఏడాదికి పన్నెండు నెలలు, అలా ఎన్నేళ్లో. మధ్యలో ఆపేస్తే బీపీ చప్పుడు లేకుండా మళ్లీ పెరుగుతుంది. కొన్ని రకాల మాత్రలు హఠాత్తుగా మానేస్తే ఒక్కసారిగా ఎగబాకుతుంది కూడా. మనిషికి ఏమీ తెలియదు. పక్షవాతం వచ్చినప్పుడే తెలుస్తుంది.

కోయ, కొండరెడ్డి గూడేల్లో సికిల్‌సెల్ సంగతి ఇంకా సున్నితం. రక్తహీనతతో, కీళ్ల నొప్పులతో బాధపడే పిల్లలకు పరీక్ష చేసి ‘ఉంది’ అని కార్డు రాసిస్తే పని అయిపోయినట్టు కాదు. హైడ్రాక్సీయూరియా వాడే బిడ్డకు మాత్ర రోజూ పడాలి, రక్తకణాల సంఖ్య ఎప్పటికప్పుడు చూస్తుండాలి. 2047 నాటికి ఈ జబ్బును నిర్మూలించాలని కేంద్రం 2023 జులైలో ప్రత్యేక మిషన్ మొదలుపెట్టింది. దాంట్లో స్వచ్ఛంద సంస్థలకూ పని ఉంది. అయితే ఆ పని ఒక్క పూటలో ముగిసే శిబిరం కాదు.

అందుకే ఏదైనా ట్రస్టు మీ ఊరొచ్చినా, మిమ్మల్ని చందా అడిగినా మందుల నాణ్యతతో పాటు మరొకటి చూడండి: అది ఏ డబ్బుతో నడుస్తోంది, ఎవరు నడుపుతున్నారు? ఇదేదో ఆడిటర్ల గొడవ అనుకోవద్దు. మీ అమ్మగారి మాత్రలు ఆగేదీ ఆగనిదీ దాన్నిబట్టే ఉంటుంది.

ఇందుకు మన జిల్లా పేరుతోనే ముడిపడిన ఉదాహరణ ఉంది. ఏలూరు దగ్గరి సోమవరప్పాడులో పుట్టిన సినీ దర్శక నిర్మాత ఎల్.వి.ప్రసాద్ హైదరాబాద్‌లో కంటి ఆసుపత్రి కోసం కోటి రూపాయలు, ఐదెకరాల స్థలం ఇచ్చారు. 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు సారథ్యంలో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి మొదలైంది. ఆ కోటి ఖర్చవగానే ఆగిపోలేదంటే కారణం దాని లెక్కే. ఇవ్వగలిగిన వాళ్లు ఫీజు కడతారు, లేనివాళ్లకు అదే వైద్యం ఉచితం. దాతల సొమ్ము ఎక్కువగా భవనాలకు, పరికరాలకు, శిక్షణకు పోతుంది. పల్లెల్లో సుమారు 50 వేల జనాభాకు ఒక దృష్టి కేంద్రం పెట్టారు. దాన్ని నడిపేది పెద్ద డాక్టరు కాదు, శిక్షణ పొందిన స్థానిక యువతీయువకులే. వాళ్లు కళ్లద్దాలిస్తారు, శుక్లాలుంటే గుర్తించి పై ఆసుపత్రికి పంపుతారు. ఆపరేషన్ అయ్యాక చుక్కల మందు కొన్ని వారాలు వేసుకోవాలి, మధ్యలో కళ్లు చూపించుకోవాలి. ఊరి దగ్గరే మనిషి ఉన్నాడు కాబట్టి చూపించుకోవడం తేలిక.

రెండో ఉదాహరణ 108. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో లాభాపేక్ష లేని సంస్థగా ఈఎంఆర్ఐ దాన్ని ప్రారంభించింది. వెనకున్నది సత్యం రామలింగరాజు. 2009 జనవరి 7న ఆయన కంపెనీ లెక్కల్లో మోసం జరిగిందని ఒప్పుకుంటూ లేఖ రాశారు. అప్పుడు రాష్ట్రమంతా అడిగిన ప్రశ్న ఒక్కటే: ‘ఇక 108 వస్తుందా?’ వచ్చింది. అప్పటికే నడిపే ఖర్చులో సింహభాగం ప్రభుత్వానిది. వ్యవస్థాపకుడు పోయినా నడపడం తెలిసిన ఉద్యోగులు ఉన్నారు. ఆ ఏడాదే జీవీకే సంస్థ బాధ్యత తీసుకుంది. ఆ తర్వాత నిర్వాహకులు మారారు, నంబరు మాత్రం అదే. ఒక్క పెద్దమనిషి జేబు మీదే ఆధారపడి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

ఇక మంచినీళ్లు. సత్యసాయి ట్రస్టు ఉభయ గోదావరి జిల్లాల మెట్ట, ఏజెన్సీ ఊళ్లకు తాగునీటి పథకాలు కట్టించింది. అంతకుముందు అనంతపురంలోనూ కట్టించింది. కట్టడానికి దాత దొరుకుతాడు. మోటారు కరెంటు బిల్లుకు, పైపు పగిలితే అతికే మనిషి జీతానికి దాత దొరకడు. అనంతపురం పథకంలో సిబ్బంది జీతాల బకాయిల కోసం సమ్మె చేసిన వార్తలు మీరూ చదివే ఉంటారు. నీళ్లు ఆగితే మళ్లీ చెరువు నీళ్లే గతి, వాంతులూ విరేచనాలూ వెంటే వస్తాయి.

ఇక్కడ మనం మార్చుకోవాల్సిన ఒక ఆలోచన ఉంది. ‘నేనిచ్చే ప్రతి రూపాయీ రోగికే చేరాలి, జీతాలకు పోకూడదు’ అంటారు చాలామంది. మంచి మనసుతో అనే మాటే గానీ, దానివల్ల పేదవాడికే నష్టం. బీపీ మాత్ర చౌక. గట్టు దాటి, వాగు దాటి గూడేనికి వెళ్లి ‘మాత్ర వేసుకున్నావా పెద్దమ్మా’ అని అడిగే ఆరోగ్య కార్యకర్తే ఖరీదు. ఆమె జీతం, జీపు డీజిలు లేకుండా మందుల పెట్టె తనంతట తాను నడిచి వెళ్లదు. చట్టం కూడా పరిమితి పెట్టిందే తప్ప ఈ ఖర్చే వద్దనలేదు. విదేశీ విరాళాల్లో పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదని 2020లో సవరణ వచ్చింది. అంతకుముందు 50 శాతం ఉండేది. పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలన్న నిబంధన 2014 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఆ నిధులు ఎక్కువగా ప్రాజెక్టుకింత అని వస్తాయి. ప్రాజెక్టు గడువు ముగిస్తే కార్యకర్త ఉద్యోగమూ ముగుస్తుంది. మీరు నెలనెలా పంపే రెండొందలకు గడువు లేదు. చిన్న సంస్థకు ఒకేసారి వచ్చే పాతిక వేల కంటే అదే ఎక్కువ ధైర్యం.

ఇచ్చే ముందు అడగడానికి మొహమాటపడకండి. సొసైటీ అయితే మన రాష్ట్ర 2001 చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుండాలి. ఆ ఏడుగురూ ఒకే ఇంటివాళ్లా? చెక్కు మీద ఒక్కరి సంతకమేనా, ఇద్దరిదా? గతేడాది ఆడిట్ నివేదిక చూపిస్తారా? వ్యవస్థాపకుడు రేపు మంచాన పడితే నడిపేదెవరు? ఈ చివరి ప్రశ్నకు నవ్వేసి ఊరుకునే చోట కాస్త ఆలోచించండి. నగదు రూపంలో రెండు వేలు దాటి ఇస్తే 80జీ రాయితీ రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు ఎలాగూ రాదు. రాయితీ వచ్చినా రాకున్నా బ్యాంకు ద్వారానే ఇవ్వండి, రసీదు తీసుకోండి.

శిబిరానికి మీరే రోగిగా వెళ్తే మూడు విషయాలు అడిగి రాయించుకోండి. బీపీ, షుగరు ఎంతున్నాయో అంకెల్లో. మందు పేరు కంపెనీ పేరుతో కాకుండా జనరిక్ పేరుతో, ఎన్ని మిల్లీగ్రాములో సహా. మళ్లీ ఎప్పుడు, ఎక్కడ చూపించుకోవాలో తేదీతో. ఆ చీటీని పారేయకుండా దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి గానీ, ఊరికొచ్చే 104 బండి దగ్గరికి గానీ తీసుకెళ్లండి. బీపీ, షుగరు మందులు అక్కడ ఉచితమే. కవర్లో మాత్రలు అయిపోయాక కాదు, ఇంకా నాలుగు మిగిలుండగానే వెళ్లండి.