ప్రొడక్ట్ మేనేజర్ ఇంటర్వ్యూకు పిలుపు రావాలంటే...



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఉద్యోగాల మీద ఒక వ్యాసం రాసివ్వమని వార్డెన్ గారు అడిగారు. డి.ఎస్సీ., గ్రూప్స్, బ్యాంకు పరీక్షల గురించి మనకు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. కనుక మన హాస్టళ్ళలో ఎవరూ పెద్దగా మాట్లాడుకోని ఒక ఉద్యోగం గురించి రాస్తున్నాము. అదే ప్రొడక్ట్ మేనేజర్ ఉద్యోగం.

మేము అంటే ముగ్గురం. ఒకరిది ప్రొద్దుటూరు, ఒకరిది జమ్మలమడుగు, ఒకరిది పులివెందుల. ప్రొద్దుటూరు మిత్రుని నాన్న హమాలీ. జమ్మలమడుగు మిత్రుని నాన్న నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో కూలీ. పులివెందుల మిత్రుని అమ్మ చీనీ తోటల్లో కాయ కోతకు పోతుంది. మూడు ఇళ్ళలోనూ డిగ్రీ పట్టా తెచ్చిన మొదటివాళ్ళం మేమే. ఇరవై మూడేళ్ళకు పి.జి. కూడా పూర్తి చేశాము. ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ నుండి ఇంటర్వ్యూకు పిలుపు వచ్చిందని ఫోన్‌లో చెబితే, "మేనేజరంటే బ్యాంకులో కూర్చుంటాడే, ఆయప్ప మాదిరా?" అని అడిగింది పులివెందుల అమ్మ. ఆ ప్రశ్నకు జవాబుతోనే మొదలుపెడతాము.

ఎవరీ ప్రొడక్ట్ మేనేజర్?

బ్యాంకు మేనేజర్ మాదిరి ఇతని చేతి కింద సిబ్బంది ఉండకపోవచ్చు. కంపెనీ తయారుచేసే ఒక వస్తువు గానీ, యాప్ గానీ ఎవరికోసం, వాళ్ళ ఏ ఇబ్బంది తీర్చాలి, ఏది ముందు చేయాలి, ఏది ఆపాలి అని తేల్చే బాధ్యత ఇతనిది. ఇంజనీర్లు, డిజైన్ చేసేవాళ్ళు, అమ్మేవాళ్ళు ఇతని మాట వినాలంటే ఆజ్ఞ పనిచేయదు. కారణం చూపి ఒప్పించాలి.

ఈ పనికి మూలం 1931లో ఉంది. అమెరికాలోని ప్రాక్టర్ అండ్ గాంబుల్ కంపెనీలో నీల్ మెకెల్‌రాయ్ అనే యువకుడు కామే సబ్బు ప్రకటనలు చూసేవాడు. ఒక్కొక్క సబ్బుకు పూర్తి బాధ్యత వహించే మనుషులు వేరుగా ఉండాలని ఆయన పై అధికారులకు మూడు పేజీల లేఖ రాశాడు. ఆ పద్ధతి తర్వాత ఇతర కంపెనీలకు, చివరికి సాఫ్ట్‌వేర్‌కు పాకింది. గూగుల్ సంస్థ 2002లో కొత్తగా చదువు ముగించిన వాళ్ళకోసం అసోసియేట్ ప్రొడక్ట్ మేనేజర్ అనే శిక్షణతో కూడిన ఉద్యోగాన్ని మొదలుపెట్టింది. మనలాంటి కొత్తవాళ్ళు వెదకవలసిన పేరు అదే.

ఉదాహరణకు మన ఊరి చిల్లర అంగడి చూడండి. ఫోన్‌తో డబ్బు కట్టగానే ఇంత వచ్చిందని ఒక చిన్న పెట్టె తెలుగులో చెబుతుంది. అంగడాయన చేతులు తూకంలో ఉంటాయి, ఫోన్ తీసి చూసుకోలేడు. ఆ ఇబ్బందిని గమనించడం, దానికి తగిన ఉపాయం వెదికించడం, పని చేస్తుందో లేదో చూసుకోవడం, ఇదంతా ప్రొడక్ట్ మేనేజర్ పనే.

తెలుగువాడి ఉదాహరణ కూడా ఉంది. బెంగళూరులో ఇంజనీరుగా ఉన్న ఫణీంద్ర సామ గారికి 2005 దీపావళికి ఇంటికి పోవడానికి బస్సు టికెట్ దొరకలేదు. పండగ తర్వాత ఆయన, మిత్రులు కలిసి బస్సుల యజమానులను, ఏజెంట్లను కలిసి వాళ్ళ పని ఎలా నడుస్తుందో అడిగారు. ముందు యజమానులకు సాఫ్ట్‌వేర్ ఇద్దామనుకున్నారు. వాళ్ళు ఆసక్తి చూపలేదు. అప్పుడు తామే సీట్లు అమ్మిపెట్టడం మొదలుపెట్టారు. అలా 2006లో రెడ్‌బస్ వచ్చింది. 2013లో ఐబిబో గ్రూపు దాన్ని కొనుగోలు చేసింది. మొదటి ఆలోచన కుదరనప్పుడు ఆలోచన మార్చుకున్నారే గానీ సమస్యను వదల్లేదు. మనం నేర్చుకోవలసింది అదే.

మేము చేసిన పొరపాటు

పులివెందుల అమ్మ తన కమ్మలు ప్రొద్దుటూరు బంగారు అంగట్లో కుదువ పెడితే సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ వచ్చింది. ముగ్గురమూ దాని మీదే పని చేశాము. నెలన్నరలో వందకు పైగా కంపెనీలకు ఒకే రెజ్యూమె పంపాము. రెండు చోట్ల నుండి మాత్రం "మరొకరిని తీసుకున్నాము" అని జవాబు వచ్చింది. ఒక చోట రిజిస్ట్రేషన్‌కని పదివేలు కట్టమన్నారు. కట్టలేదు. మీరూ కట్టవద్దు. ఉద్యోగమిచ్చేవాడు డబ్బు అడగడు.

అప్పుడు మన హాస్టల్‌లోనే చదివి హైదరాబాదులో పనిచేస్తున్న ఒక అన్న మా రెజ్యూమె చూసి, "ఏం చదివినారో రాసినారు. ఏం చేసినారో యాడుంది?" అన్నాడు. నిజమే. అందులో మార్కులు, కంప్యూటర్ కోర్సులు, కష్టపడే తత్వం అని ఒక వాక్యం తప్ప ఏమీ లేదు.

చేసి చూపడం ఎలా?

చేయడానికి పని మన హాస్టల్‌లోనే దొరికింది. ప్రతి ఏడాదీ కొందరు తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. ఆఖరి తేదీ తెలియక ఇలా జరుగుతోందని, తేదీ గుర్తుచేసే యాప్ చేస్తే చాలని అనుకున్నాము. మూడు ఆదివారాలు మూడు హాస్టళ్ళలో 42 మందితో కూర్చున్నాము. "మీకు ఏ యాప్ కావాలి?" అని అడగలేదు. "పోయినసారి ఎక్కడ ఆగింది? అప్పుడు మీరు ఏం చేశారు?" అని అడిగాము.

తేదీ దాదాపు అందరికీ తెలుసు. చిక్కు పేరులో ఉంది. పదో తరగతి మార్కుల జాబితాలో ఇంటిపేరుకు ఒక్క పొడి అక్షరం. ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు. బ్యాంకు పుస్తకంలో అదే ఇంటిపేరు వెనక. ఈ తేడా చివరి వారంలో బయటపడితే సరిచేసుకునే వ్యవధి ఉండదు. కనుక యాప్ ఆలోచన మానుకున్నాము. ఒక పేజీ పట్టిక తయారుచేసి, చేరిన నెలలోనే మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి సరిచూశాము. 42 మందిలో 11 మందికి తేడాలున్నాయి. 9 మంది గడువులోగా సరిచేసుకున్నారు. మిగిలిన ఇద్దరి తల్లిదండ్రులు పనులకు వలస పోయారు. సంతకం పెట్టే పెద్దవాళ్ళు ఊర్లో లేరు. ఆ విషయం మేము ముందుగా ఆలోచించలేదు.

ఈ పనికి ఖర్చు జిరాక్సు కాగితాలే. కానీ మా రెజ్యూమెలో మొదటి వరుసకు ఎక్కింది ఇదే.

పిలుపు రావడానికి మేము పాటించిన పద్ధతి

1. వంద కంపెనీలు వదిలేసి ఎనిమిది ఎంచుకున్నాము. ప్రతి కంపెనీ యాప్‌ను రెండు వారాలు వాడాము. ఉద్యోగ ప్రకటనను రెండు మూడుసార్లు చదివి, ఏ మాటలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయో గుర్తుపెట్టాము. మేము నిజంగా చేసిన పనిని ఆ మాటల్లోనే రాశాము.

2. రెజ్యూమె ఒక్క పేజీ. ప్రతి వాక్యంలో మూడు సంగతులు ఉండాలి: ఇబ్బంది ఏమిటి, మేము చేసింది ఏమిటి, దానివల్ల మారింది ఏమిటి. చేయనిది ఒక్క ముక్క కూడా రాయవద్దు. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

3. ఒక కంపెనీకి విడిగా ఒక పేజీ నోట్ రాశాము. అది చిల్లర వ్యాపారులకు అప్పుల ఖాతా యాప్ అందించే కంపెనీ. ప్రొద్దుటూరులో పన్నెండు అంగళ్ళకు తిరిగి ఆ యాప్ ఎందుకు వాడటం లేదో అడిగాము. ఖాతాదారుని పేరు టైపు చేసేంత తీరిక సాయంత్రం పూట ఉండదని ఎక్కువమంది చెప్పారు. మాటతో చెబితే పేరు ఎక్కే ఏర్పాటు ఉంటే బాగుంటుందని, దాన్ని ముందు కొద్ది అంగళ్ళలోనే ప్రయత్నించి చూడవచ్చని రాశాము.

4. పూర్వ విద్యార్థుల ద్వారా దరఖాస్తు పంపాము. "అన్నా, ఏదైనా ఉద్యోగం చూడు" అంటే ఆయన మాత్రం ఏం చేయగలడు? "అన్నా, మీ కంపెనీలో ఫలానా ఉద్యోగానికి ప్రకటన పడింది. మేము చేసిన పని ఇది, రెజ్యూమె, నోట్ జతచేశాము. తగినవాళ్ళమని మీకు అనిపిస్తేనే సిఫారసు చేయండి" అని రాయండి. చదివి నిర్ణయించడానికి ఆయనకు ఐదు నిమిషాలు చాలు.

5. పక్క దారులు మూసుకోవద్దు. అనుభవం లేనివాళ్ళకు నేరుగా ఈ ఉద్యోగం అరుదుగా వస్తుంది. బిజినెస్ అనలిస్ట్, ప్రొడక్ట్ అనలిస్ట్, టెస్టింగ్, కస్టమర్ సపోర్ట్ పనుల నుండి ఇటు వచ్చినవాళ్ళు ఉన్నారు. జమ్మలమడుగు మిత్రుడు ఇప్పుడు కస్టమర్ సపోర్ట్‌లో చేరాడు. వాడేవాళ్ళ కష్టాలు రోజంతా వినే పని అది.

6. ఇంగ్లీషు అంటే భయపడవద్దు. రోజూ స్టడీ అవర్ తర్వాత ఇరవై నిమిషాలు ఒకరు అడగడం, ఒకరు చెప్పడం చేశాము. మొదటి వారం నవ్వుకోవడంతోనే సరిపోయింది. రెండో నెలకు మాట తడబడటం తగ్గింది.

పిలుపు వచ్చిన తర్వాత

ఎనిమిదింటిలో ఒక్క కంపెనీ నుండి పిలుపు వచ్చింది, అదీ పులివెందుల మిత్రునికి. నోట్ పంపిన కంపెనీయే అది. ఊర్లో సిగ్నల్ సరిగా అందదని ప్రొద్దుటూరు గదిలో కూర్చుని వీడియోలో మాట్లాడాడు. "ప్రొద్దుటూరు బస్టాండులో రోజుకు ఎన్ని టీలు అమ్ముడవుతాయి?" లాంటి ప్రశ్న ఒకటి అడిగారు. దీనికి సరైన అంకె వాళ్ళకూ తెలియదు. బస్సులు ఎన్ని, మనుషులు ఎందరు, వాళ్ళలో టీ తాగేది ఎందరు అని మెట్టుమెట్టుగా లెక్క కట్టే తీరునే చూస్తారు. అన్నింటికంటే ఎక్కువసేపు అడిగింది మాత్రం స్కాలర్‌షిప్ పనిలో మిగిలిపోయిన ఆ ఇద్దరి గురించి. "మళ్ళీ చేస్తే ఏం మారుస్తారు?" అన్నారు. "చేరే రోజున తల్లిదండ్రులు వెంట వస్తారు. ఆ రోజే సరిచూస్తాము" అని చెప్పాడు.

రెండు దశలు దాటాడు. మూడో దశలో తీసుకోలేదు. ఆరు నెలల తర్వాత మళ్ళీ దరఖాస్తు చేసుకోమన్నారు. ఆ రాత్రి ముగ్గురం అన్నం సరిగా తినలేదు. మరునాడు మాట్లాడుకుంటే ఒక సంగతి తెలిసింది. వందసార్లు తలుపు తట్టినా పలకనివాళ్ళు, మనం చేసిన పని చూపగానే మూడు గంటలు కూర్చోబెట్టి మాట్లాడారు. అంటే దారి ఉంది.

మా జిల్లాలోనే 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయం, పులివెందులలో జె.ఎన్.టి.యు. ఇంజనీరింగ్ కళాశాల వచ్చాయి. చదువు దగ్గరికి వచ్చింది గానీ ఇలాంటి ఉద్యోగాల సమాచారం మన హాస్టళ్ళ దాకా రావడం లేదు. కనుక పూర్వ విద్యార్థులకు ఒక మనవి. మీరు ఏ కంపెనీలో ఉన్నా మీ పేరు, ఉద్యోగం హాస్టల్ రిజిస్టరులో రాయించండి. ఒక్క రెజ్యూమె చదివి, తప్పులు చెప్పినా చాలు. తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మా మాట ఇది: ప్రతి నెలా మొదటి ఆదివారం మాలో ఒకరు హాస్టల్‌కు వస్తాము. మీ కాగితాలు, మీ ప్రశ్నలు తీసుకురండి.

ఆరు నెలల గడువులో నాలుగు నెలలు గడిచాయి. కమ్మలు ఇంకా అంగట్లోనే ఉన్నాయి. "నిదానంగా విడిపిద్దువులే నాయనా" అంటుంది అమ్మ. ఈసారి మేము ముగ్గురమూ దరఖాస్తు చేస్తున్నాము.

మీ శ్రేయోభిలాషులు,
ముగ్గురు పూర్వ విద్యార్థులు
ప్రొద్దుటూరు – జమ్మలమడుగు – పులివెందుల